కృష్ణరాయల కళింగ దండయాత్ర: బాలపాఠకులకు చరిత్రను పరిచయము చేయు విధము

1. ప్రస్తావన

పండ్రెండు మొదలు పదునారేండ్ల వయస్సు గల బాలబాలికలకు యుద్ధచరిత్రను పరిచయము చేయుట సులభమైన పనియని పలువురు తలంతురు. కోటలు, ఏనుగులు, ముట్టడులు, విజయస్తంభములు బాలుర మనస్సును తమంత తామే ఆకర్షించుననుట నిజమే. కాని యట్లాకర్షింపబడిన బాలుడు చరిత్ర నేర్చినాడా, కథ విన్నాడా యను ప్రశ్న మిగిలియుండును. కథ విన్నవాడు గెలిచినవాని పేరు జ్ఞాపకముంచుకొనును. చరిత్ర నేర్చినవాడు “ఇది మనకెట్లు తెలిసినది?” అని యడుగును. ఆ ప్రశ్నను బాలుని నోట పలికించుటయే ఉపాధ్యాయుని కృషికి ఫలమని మా యభిప్రాయము.

ఈ విషయమును నిరూపించుటకు శ్రీకృష్ణదేవరాయల కళింగ దండయాత్రను ఉదాహరణముగా గ్రహించుచున్నాము. ఇందుకు రెండు కారణములు కలవు. మొదటిది, ఆ దండయాత్రలోని ముఖ్యఘట్టములు కొన్ని విజయవాడ పరిసరములందును, కృష్ణాతీరమునందును జరిగినవి. కొండవీడు, మంగళగిరి, అమరావతి, కొండపల్లి, శ్రీకాకుళము అను నీ స్థలములన్నియు విజయవాడ విద్యార్థులు ఒక దినములో పోయి చూచి రాదగిన దూరమునందే యున్నవి. రెండవది, ఈ దండయాత్రకు శాసనములు, ప్రబంధములు, విదేశీయుని వృత్తాంతము, తరువాతి కాలపు వచనరచనలు అను నాలుగు విధములైన ఆధారములు లభించుచున్నవి. ఇన్ని విధముల సాక్ష్యములొక్క సంఘటనను గూర్చి దొరకుట మన దేశచరిత్రలో అరుదు. ఆధారములను పోల్చి చూచుట నేర్పుటకు ఇంతకంటె తగిన పాఠము తెలుగు విద్యార్థికి వేరొకటి లేదు.

తెలుగున జనసామాన్యమునకు చరిత్రను అందింపవలెనను యత్నము ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. కృష్ణామండలమునందలి పెనుగంచిప్రోలున 1877లో జన్మించిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిన వారిలో ముఖ్యులు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రము ఆ మండలి ప్రథమ ప్రచురణము. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము 1910 నుండి ఆ మండలి పక్షముననే వెలువడసాగెను. వారు వేసిన బాటలో బాలురకొరకు చేయవలసిన పని యింకను మిగిలియున్నది.

పాశ్చాత్యదేశములందు 1944 జూన్ 6వ తేదీన జరిగిన నార్మండీ దండయాత్రను బాలురకు చెప్పు గ్రంథములు పెక్కు వెలువడినవి. వానికి ఛాయాచిత్రములు, సైనికుల జాబులు, యుద్ధమునుండి మరలి వచ్చినవారి నోటిమాటలు సాయపడినవి. 1515వ సంవత్సరపు ముట్టడికి మనకట్టి సామగ్రి లేదు. రాయి యున్నది, పద్యమున్నది, ఒక గుఱ్ఱముల వర్తకుని వ్రాత యున్నది. వీని నెట్లు చదువవలెనో చెప్పుటయే మన పాఠమునకు ప్రాణము.

2. దండయాత్రకు పూర్వరంగము

రెడ్డిరాజ్యములు క్షీణించిన పిమ్మట కళింగాధీశ్వరుడైన కపిలేశ్వర గజపతి తీరాంధ్రమును ఆక్రమించెను. 1454 ప్రాంతమునాటికి కొండవీడు గజపతుల వశమైనది. కపిలేశ్వరుని మరణానంతరము బహమనీ సుల్తానులు కొండపల్లి, రాజమహేంద్రవరములపై కన్ను వేసిరి. బహమనీ రాజ్యమునకు ప్రధానియై విఖ్యాతి గాంచిన మహమ్మదు గవాను 1481లో సుల్తాను ఆజ్ఞచే వధింపబడినది కొండపల్లి శిబిరమునందే. తరువాత పురుషోత్తమ గజపతి ఈ సీమను మరల స్వాధీనము చేసికొనెను. అతని కుమారుడు ప్రతాపరుద్రుడు 1497లో సింహాసనమెక్కెను.

ఈ మార్పులను బాలురకు తేదీల పట్టికగా నీయరాదు. 1516లో కొండపల్లి కోట క్రింద నివసించు ఎనుబది యేండ్ల ముదుసలి నొకనిని ఊహింపుమని చెప్పవలెను. అతడు పసితనమున రెడ్డిరాజుల కాలపు మాటలు విని, యౌవనమున కపిలేశ్వరుని సేనలను, నడివయస్సున బహమనీ సేనలను, పిదప మరల గజపతుల యధికారులను చూచి, కడపట కృష్ణరాయల యేనుగుల రాకను చూచియుండును. కోటపై జెండాలు మాఱుచుండగా అతడు తన మడి దున్నుచునే యుండవలెను. ఇది యూహయని బాలునకు స్పష్టముగా చెప్పవలెను. కాని యీ యూహ తెలిసిన తేదీలమీద నిలిచిన యూహయని కూడ చెప్పవలెను.

1509లో కృష్ణరాయలు రాజ్యమునకు వచ్చునాటికి ఉదయగిరి మొదలుకొని ఉత్తరముగా సముద్రతీరమంతయు గజపతి యేలుబడిలో నున్నది. సాళువ నరసింహుడు తన మరణసమయమున ఉదయగిరి, రాచూరు మున్నగు దుర్గములను సాధింపవలసినదిగా కోరెనని నూనిజ్ వ్రాసెను. కావున విజయనగరమునకిది పోయిన సొత్తును తిరిగి రాబట్టుకొను ప్రయత్నము. గజపతికి అదియే తన తాతనాటి సీమను కాపాడుకొను ప్రయత్నము. పైగా ప్రతాపరుద్రునకు ఉత్తరమున వంగదేశపు హుసేను షా వలన బాధ యుండెను. ఇరువైపుల శత్రువులున్న రాజు ఎక్కువ కాలము ముట్టడికి తాళుట కష్టమని బాలురును గ్రహింపగలరు.

3. ఉదయగిరి నుండి కొండవీటికి

దండయాత్ర 1513లో ఉదయగిరి ముట్టడితో ఆరంభమైనది. రాయలు ముప్పదినాలుగు వేల కాల్బలముతో, ఎనిమిదివందల యేనుగులతో వచ్చెననియు, కోటలో పదివేల కాల్బలము, నాలుగువందల గుఱ్ఱములుండెననియు నూనిజ్ చెప్పెను. అంత సేనయుండియు కోట పట్టుపడుటకు ఏడాదిన్నర పట్టినది. ఇందుకు కారణము కొండయే. కోటకు దారి యిరుకు. బండలు పగులగొట్టి సేన నడుచుటకు క్రొత్తబాట వేయింపవలసి వచ్చెను. యుద్ధమనగా కత్తులు దూయుటయే కాదనియు, రాయి కొట్టువాని సుత్తియు యుద్ధసాధనమే యనియు ఇచ్చట చెప్పదగును. 1514లో కోట లొంగినది. ప్రతాపరుద్రుని పినతండ్రి వరుసయైన తిరుమల రాహుత్తరాయలు బందీ యయ్యెను. ఉదయగిరి నుండి కొనిపోయిన బాలకృష్ణ విగ్రహమును రాయలు విజయనగరమున ఆలయము కట్టించి ప్రతిష్ఠించెను.

పిమ్మట అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగేడ మున్నగు దుర్గములు వరుసగా వశమైనవి. ఇవి కొండవీటికి చుట్టునున్న కావలికోటలు. వీనిని ముందుగా పట్టి, కొండవీటికి వెలినుండి సాయము రాకుండ చేయుట రాయల సేనానుల పన్నాగము. పటముపై ఈ దుర్గములకు చుక్కలు పెట్టి, వానిని వరుసగా గీతతో కలుపుమన్నచో, ఆ గీత కొండవీటి మెడకు బిగిసిన ఉచ్చువలె కనబడును. ఈ యొక్క పటము పది పుటల వర్ణనకంటె నెక్కువ బోధించును.

కొండవీడు శాలివాహన శకము 1437 యువసంవత్సర ఆషాఢ శుద్ధ హరివాసరమున, శనివారమునాడు పట్టుపడినదని మంగళగిరి శాసనము చెప్పుచున్నది. ఇది 1515 జూన్ 23వ తేదీకి సరిపోవుచున్నది. విద్యార్థి ఆనాటి జూలియను పంచాంగము ప్రకారము లెక్కించినచో ఆ తేదీ నిజముగా శనివారమే యగును. శాసనములోని వారము, తిథి, సంవత్సరము పరస్పరము సరిపోవుట ఆధారమునకు బలమిచ్చునని తన చేతులతో లెక్కవేసి తెలిసికొన్న బాలుడు ఆ పాఠమును మఱువడు.

కోట పడిన పిమ్మట బందీలైన వారి పేర్లు అమరావతి శాసనమున నున్నవి. ప్రతాపరుద్రుని కుమారుడు వీరభద్రుడు, కుమార హంవీరుని కుమారుడు నరహరిదేవుడు, రాచూరి మల్లూఖాను, ఉద్దండఖాను, పూసపాటి రాచిరాజు, శ్రీనాథరాజు, లక్ష్మీపతిరాజు, బాలచంద్ర మహాపాత్రుడు అనువారందు కొందరు. ఈ పట్టికను విద్యార్థులచే బిగ్గరగా చదివింపవలెను. అందు ఓఢ్రులున్నారు, తెలుగువారున్నారు, మహమ్మదీయులున్నారు. దీనిని తెలుగువారు ఓఢ్రులపై సాధించిన విజయముగా గాని, ఒక మతమువారు వేరొక మతమువారిపై సాధించిన విజయముగా గాని చెప్పుట ఈ శాసనమును చదువకుండుటయే యగును. ఇరువురు రాజులును విష్ణుభక్తులు. ఒకరి యిలవేలుపు తిరుమలేశుడు, రెండవవారి యిలవేలుపు పూరీ జగన్నాథుడు. కోటలోని తెలుగు దొర తన ప్రభువునకు కట్టుబడి పోరాడినాడు. కోట వెలుపలి తెలుగు దొరయు అట్లే పోరాడినాడు.

జయానంతరము రాయలు అమరావతియందు అమరేశ్వరుని సన్నిధిని తులాపురుషదానము చేసెను. దేవేరులిరువురును మహాదానములు చేసిరి. కొండవీటి పాలన మహామంత్రి సాళువ తిమ్మరుసున కప్పగింపబడెను. పిదప అతని మేనల్లుండ్రు నాదెండ్ల అప్పన, గోపన ఆ సీమను పాలించిరి. అప్పనకు మాదయగారి మల్లన రాజశేఖర చరిత్రమును అంకితమిచ్చినాడు. యుద్ధమైన కొలది కాలమునకే ఆ సీమలో ప్రబంధము వెలసినది.

4. విజయవాడ, కొండపల్లి, శ్రీకాకుళము

రాయలు రాజధానికి మరలి, తిరిగి కళింగముపై బయలుదేరి, 1515 డిసెంబరున అహోబలమును దర్శించెనని అహోబల శాసనము తెలుపుచున్నది. అటనుండి కృష్ణాతీరమునకు వచ్చి విజయవాడయందు విడిసెను. అప్పటి నదికి ఆనకట్ట లేదు. కాలువలతో పచ్చనైన నేటి డెల్టా 1850వ దశకమున విజయవాడ యొద్ద ఆనకట్ట నిర్మింపబడిన తరువాత రూపొందినది. ఆనాటి నది వేసవిలో ఇసుకమేటలు వేయుచు, వానకాలమున ఒడ్డుల నొరసి పారుచుండెను. శీతకాలమున సేన నది దాటుటలోని ఉపాయము ఈ సంగతి తెలిసిన బాలునకే బోధపడును.

కొండపల్లి విజయవాడకు వాయవ్యమున కొండల నడుమ నున్నది. పొనికికఱ్ఱ బొమ్మలవలన ఆ పేరెఱుగని పిల్లవాడు మన ప్రాంతమున నుండడు. ఆ బొమ్మల యూరికి పైనున్న కోటయే గజపతులకు కృష్ణకు ఉత్తరమున ముఖ్యమైన బలము. అచ్చట ప్రహరేశ్వర పాత్రుడు, బోడజన మహాపాత్రుడు, బిజిలీఖాను మున్నగువారు చిక్కిరి. గజపతి పట్టపుదేవియు ఆ కోటలోనే పట్టుపడెనని నూనిజ్ వ్రాసెను. ఈ సందర్భమున ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగమును గుర్తుచేయదగును. శత్రుదుర్గము పట్టుపడినప్పుడు అందు చిక్కిన స్త్రీలను వారి పుట్టినింటివారు చూచినట్లు చూడవలెనని రాయలందు విధించినాడు. తాను కోటలు పట్టిన రాజు వ్రాసిన నీతి యగుటచే దానికొక ప్రత్యేకత కలదు. కాని నీతి వ్రాయుట వేఱు, జరిగినది వేఱు. ఈ భేదమును కూడ బాలునకు చెప్పవలెను.

ముట్టడి మూడు మాసములు సాగెనని నూనిజ్ మాట. దీనిని శాసనములతో పోల్చి చూతము. రాయలు 1515 డిసెంబరున అహోబలమునందున్నాడు. శకము 1438 ధాతృసంవత్సర చైత్రమాసమున, అనగా 1516 వసంతమున, సింహాచలమునందున్నాడు. నడుమ నున్నది మూడున్నర మాసములు మాత్రమే. ఇంతలో అహోబలము నుండి కృష్ణకు నడక, విజయవాడ విడిది, కొండపల్లి ముట్టడి, శ్రీకాకుళ యాత్ర, సింహాచలము వఱకు ప్రయాణము ముగియవలెను. ఇవిగాక అనంతగిరి, ఉండ్రకొండ, ఉర్లుకొండ, నల్లగొండ, ఖమ్మముమెట్టు మున్నగు తెలంగాణ దుర్గములు కూడ వశమైనట్లు శ్రీకాళహస్తి శాసనము చెప్పుచున్నది. కావున రాయలు రాకమునుపే సేనానులు కొండపల్లిని చుట్టుముట్టియుండవలెను. లేదా మూడు మాసములనుట విని వ్రాసిన అంచనా కావలెను. ఈ రెండింటిలో నేది సరియో నిర్ణయింపుమని పై తరగతి విద్యార్థులకు ప్రశ్నగా నీయవచ్చును. సమాధానముకంటె ఆ లెక్క వేయుటలోనే శిక్షణ యున్నది.

ఇక శ్రీకాకుళము. ఇది ఉత్తరాంధ్రములోని జిల్లాకేంద్రము కాదు. కృష్ణాజిల్లాలో, ఘంటసాలకు దాపున, కృష్ణకు తూర్పుగట్టుననున్న గ్రామము. ఈ రెండు పేర్లను కలగాపులగము చేసికొని, ఆంధ్రవిష్ణువును ఉత్తరాంధ్రమునకు కొనిపోవు విద్యార్థులు కళాశాలలందును కనబడుదురు. కళింగముపై దండెత్తి పోవుచు విజయవాడలో కొన్నినాళ్లుండి, శ్రీకాకుళాంధ్రవిష్ణువును సేవింపబోయి, ఏకాదశీ ఉపవాసముండగా, ఆ దేవుడు నాల్గవ యామమున కలలో కనబడి తెలుగున గోదాదేవి కథను కావ్యముగా వ్రాసి వేంకటేశ్వరునకు అంకితమీయుమని యానతిచ్చెనని రాయలు ఆముక్తమాల్యద అవతారికలో చెప్పుకొన్నాడు. యుద్ధయాత్ర నడుమ కావ్యసంకల్పము కలిగిన తావు మన డెల్టాలోనే యున్నది. సాహిత్యచరిత్రకును దేశచరిత్రకును ఇంతటి స్పష్టమైన కూడలి వేరొకటి కనబడదు. కలను చారిత్రకుడు పరీక్షింపలేడు. కాని కవి తాను విజయవాడలోను శ్రీకాకుళమునను ఉంటినని చెప్పుట మిగిలిన సాక్ష్యములతో సరిపోవుచున్నది.

5. పొట్నూరు, తరువాతి సంధి

సింహాచలమున రాయలు నృసింహస్వామికి 991 ముత్యముల హారము మున్నగు కానుకలు సమర్పించెను. పొట్నూరున జయస్తంభమును నాటెను. మన బాలసాహిత్యములో ఈ కథ సామాన్యముగా ఈ స్తంభముతో ముగియును. చలనచిత్రములు సంధిని ప్రణయకథగా మార్చినవి. 1962లో విడుదలైన మహామంత్రి తిమ్మరుసు చిత్రమునందు గజపతి కుమార్తె వివాహము కథలో నొక భాగము. చరిత్రలో అన్నిటికంటె విచారింపదగిన సంగతి ఈ రెండింటిలోను కానరాదు.

ప్రతాపరుద్రుడు సంధికి వచ్చి తన కుమార్తెను రాయలకిచ్చి వివాహము చేసెను. ఆమె పేరు ఒక్కొక గ్రంథమున ఒక్కొక విధముగ నున్నది. తుక్కాదేవి, జగన్మోహిని, అన్నపూర్ణ యను పేర్లు వినవచ్చుచున్నవి. రాయలు కృష్ణకు ఉత్తరముననున్న దేశమును మామకు మరల నిచ్చివేసి, దక్షిణ భాగమును మాత్రము ఉంచుకొనెను. అనగా ఉదయగిరి, కొండవీడు విజయనగరమునకు దక్కినవి. కొండపల్లి, విజయవాడ, కావ్యసంకల్పము కలిగిన శ్రీకాకుళము, జయస్తంభము నాటిన పొట్నూరు గజపతికి తిరిగి పోయినవి.

1957లో నిర్మాణము పూర్తియైన ప్రకాశము బ్యారేజిపై విద్యార్థులను నిలిపి ఈ సంగతి చెప్పవలెనని మా సూచన. కుడిగట్టున సీతానగరము, మంగళగిరి వైపు రాయలు ఉంచుకొన్న సీమ. ఎడమగట్టున ఇంద్రకీలాద్రి వైపు తిరిగి యిచ్చిన సీమ. నది హద్దుగా మాఱినది. జయించినంత మాత్రమున నిలుపుకొనవలెనని లేదనియు, దూరపు సీమను కాపాడుట జయించుటకంటె భారమనియు, పడమట రాచూరు చిక్కు మిగిలియుండగా తూర్పున మిత్రుడుండుట మేలనియు రాయలు తలచియుండవచ్చును. ఈ కారణములు మా యూహలు. నది హద్దైనదనుట ఆధారమున్న మాట. ఉపాధ్యాయుడు ఈ రెండింటిని ఒకే గొంతుతో చెప్పరాదు.

ఆ యేర్పాటు గజపతికిని చిరకాలము నిలువలేదు. 1530 ప్రాంతమున కొండపల్లి సుల్తాను కులీ కుతుబుషా వశమైనది. ముందు మనము ఊహించుకొన్న ముదుసలి కొడుకు మరియొక జెండాను చూచియుండును.

6. ఆధారముల తారతమ్యము

ఆధారము లన్నియు ఒక్క తూకమునకు రావని చెప్పుటకు వీరభద్ర గజపతి వృత్తాంతము చాలును. బందీయైన ఆ రాజకుమారుని కత్తిసాము చూపుమని రాయలు కోరగా, తనకు ఎదుటివానిగా హీనకులజుని నిలిపిరను అవమానముచే అతడు తన్ను తాను చంపుకొనెనని నూనిజ్ వ్రాసెను. ఈ కథ విన్న బాలుని కంట నీరు తిరుగును. కాని 1516 నాటి దావణగెరె ప్రాంతపు శాసనమొకటి కలదు. అందు వీరభద్ర గజపతి ఆ సీమకు అధికారిగ నుండి, కృష్ణరాయలకును తన తండ్రి ప్రతాపరుద్రునకును పుణ్యముగా వివాహపు సుంకమును మాన్పినట్లున్నది. శత్రుపుత్రునకు దూరపు సీమలో అధికారమిచ్చి గౌరవించుట శాసనమువలన తెలియుచున్నది. అతని మరణకథ నిజమైనను, కొండవీడు పడిన వెంటనే జరిగినది మాత్రము కాజాలదు. ఒకే మనుష్యుని గూర్చి రెండు సాక్ష్యములు. ఒకటి ఆ కాలమున ఆ మనుష్యుడే వేయించిన రాయి. రెండవది ఇరువదియేండ్ల తరువాత, 1535 ప్రాంతమున విజయనగరమునందున్న పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుడు విని వ్రాసిన మాట. నూనిజ్ వ్రాతను 1900లో రాబర్టు స్యూయెలు ఆంగ్లమున ప్రకటించిన పిమ్మట అది మన చరిత్రకారులందరకు అందుబాటులోనికి వచ్చినది. అది విలువైనది, కాని ప్రతి మాటకు శాసనముతో సమమైన గౌరవ మీయరాదు.

రాయవాచకము మరియొక విధమైనది. గజపతి యొద్దనున్న పదునార్గురు పాత్రులకు లంచము పంపినట్లు దొంగజాబులు పుట్టించి, తిమ్మరుసు ఆ రాజునకు తనవారిపైననే యనుమానము కలిగించి పాఱద్రోలెనని అందలి కథ. వచనము చక్కనిది, బాలురు ఆసక్తితో విందురు. అది రాయల కాలపు స్థానాపతి నివేదికవలె వ్రాయబడినను, 1600 ప్రాంతమున మధురనాయకుల ఆస్థానమున పుట్టినదని 1993లో దానిని ఆంగ్లీకరించిన ఫిలిప్ వాగనరు వాదించినాడు. కావున అది 1516లో జరిగిన దానికంటె, తరువాతి తరములవారు తిమ్మరుసు నెట్లు స్మరించిరో తెలిసికొనుటకు ఎక్కువ యుపకరించును. దానిని పాఠమునుండి తొలగింప నక్కఱలేదు. “ఇట్లు చెప్పుకొనిరి” యని చెప్పిన చాలును.

ప్రబంధములు ఈ రెండింటికి నడుమ నిలుచును. మనుచరిత్ర, పారిజాతాపహరణము రాయల జీవితకాలముననే వెలసినవి. అందలి దుర్గముల పేర్లు, వాని వరుస శాసనములతో చాలవఱకు సరిపోవును. కాని గజపతి భయపడి అడవుల పాలయ్యెనను వర్ణనలు స్తుతిసంప్రదాయమునకు చెందినవి. పేరును గ్రహించి వర్ణనను తూచి చూచుట పరిశోధనావిద్యార్థి నేర్చుకొనవలసిన మొదటి యభ్యాసము.

ఏ యాధారమును చెప్పనిది కూడ ఒకటి కలదు. రాయల విజయశాసనములందు బందీల పేర్లున్నవి, దేవునికిచ్చిన కానుకల లెక్క యున్నది. చచ్చినవారి లెక్క లేదు. పదునెనిమిది శతాబ్దములకు ముందు ఇదే కళింగముపై దండెత్తిన అశోకుడు తన పదమూడవ శిలాశాసనమున లక్షమంది చంపబడిరనియు, లక్షన్నరమంది చెరగొనిపోబడిరనియు చెప్పి పశ్చాత్తాపపడినాడు. ఆ శాసనపు ప్రతి కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలపై నేటికిని కలదు. రెండు శాసనములను ప్రక్కప్రక్కనుంచి చదివినచో, విజయము చెప్పు రాయి సామాన్యముగా దేనిని చెప్పదో బాలునకు తెలియును.

7. పదముల విషయము

తెలుగుశాఖవారు ప్రత్యేకముగ గమనింపవలసిన దొకటి యున్నది. ఒకే చర్యకు మన భాషలో పలు పేర్లు కలవు. దండయాత్ర యనగా సేనతో సాగు యాత్ర. అందు గెలుపు ఓటములు చెప్పబడలేదు. జైత్రయాత్ర యన్నంతనే గెలుపు ముందుగనే సిద్ధమైనది. దిగ్విజయమన్నచో నాలుగు దిక్కులు జయించు పురాణరాజు వచ్చి ముందు నిలుచును. ముట్టడి యన్నప్పుడు కోట లోపలివాని ఆకలి జ్ఞప్తికి వచ్చును. అవతారికలో రాయలు దండెత్తుట యను మాటనే వాడుకొన్నాడు. మన పాఠ్యగ్రంథములలో జైత్రయాత్ర యను పదమే ఎక్కువ. ఒక తరగతిలో ఈ కథను మొదట విజయనగరపు సైనికుడు చెప్పినట్లును, పిదప కొండవీటి కోటలోని కావలివాడు చెప్పినట్లును వ్రాయించినచో, పదము మాఱినంతనే చరిత్ర యెట్లు మాఱునో బాలురకు స్వయముగ తెలియవచ్చును. భాషాబోధనమును చరిత్రబోధనమును ఇచ్చట ఒక్కటే యగుచున్నవి.

8. ముగింపు

పై విచారణవలన బాలపాఠకునకు ఈ దండయాత్రను చెప్పవలసిన క్రమము తేలుచున్నది. మొదట నదిని, కొండలను, కోటలను పటముపై చూపవలెను. పిదప ఇరుపక్షముల కారణములను చెప్పవలెను. పిమ్మట సంఘటనలను శాసనముల తేదీల వరుసలో నడిపి, ప్రతి ఘట్టమునను అది రాతివలన తెలిసినదో, పద్యమువలన తెలిసినదో, వినికిడివలన తెలిసినదో పేర్కొనవలెను. కడపట జయస్తంభముకడ నాగక సంధివఱకు పోవలెను.

ఇట్లు చెప్పినచో కృష్ణరాయల కీర్తి తగ్గునని కొందరు శంకింపవచ్చును. మాకట్టి భయము లేదు. గెలిచిన నేలలో సగమును వదలుకొని సంధి చేసిన రాజు, కేవలము గెలిచిన రాజుకంటె బాలుని యాలోచనకు ఎక్కువ పని కల్పించును. బందీని అధికారిగా చేసిన రాజు కథ బందీని అవమానించిన రాజు కథకంటె తక్కువ రుచి గలది కాదు. పైగా అది రాతిపై నున్నది.

కొండవీటి, కొండపల్లి, మంగళగిరి, అమరావతి, శ్రీకాకుళములలోని శాసనములను, ఆలయములను, కోటగోడలను విద్యార్థులకు చూపి, సులభశైలిలో ఒక చిన్న వాచకమును సిద్ధము చేయుట తెలుగుశాఖల పరిశోధనావిద్యార్థులకు తగిన కార్యము. అందు ప్రతి పుట యడుగున “ఇది మనకెట్లు తెలిసినది?” అను ప్రశ్నకు ఒక్క పంక్తిలో సమాధానముండవలెను. ఆ పంక్తిని చదువుట యలవడిన బాలుడు, రేపు ఏ యుద్ధమును గూర్చి యెవరేమి చెప్పినను, ముందుగా ఆ ప్రశ్ననే యడుగును.